ఇంట్లో కట్టుకున్న కిట్ కారును ఎంవోటీకి సిద్ధం చేయడం ఎలా?

మా మామయ్య లారీ ఎఫ్‌సీకి వెళ్ళే ముందు రోజు, విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్డు దగ్గర పండగ ముందు రోజు హడావిడి కనిపించేది. లారీని కడిగేవాళ్ళు. ఒకడు క్యాబిన్‌లో కూర్చుని స్విచ్చులు వేస్తుంటే ఇంకొకడు వెనక నిలబడి "బ్రేక్ లైట్ ఉంది, కుడి ఇండికేటర్ లేదు" అని అరిచేవాడు. "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఏది అడిగితే ఆ కాగితం చేతిలో ఉండాలి" అని మామయ్య డ్రైవర్‌కి పదిసార్లు చెప్పేవాడు. ముప్పై ఏళ్ళ తర్వాత, ఇంగ్లండ్‌లో నేనే బిగించుకున్న రెండు సీట్ల కారును మొదటిసారి ఎంవోటీకి, అంటే ఇక్కడ ఏటా జరిగే వాహన తనిఖీకి, తీసుకెళ్ళే ముందు రాత్రి నాకు పట్టిన టెన్షన్ అచ్చం అలాంటిదే. మామయ్య చేసిన పనులే నేనూ చేశాను. కొన్ని మర్చిపోయాను కూడా. ఆ మర్చిపోయినవి మీకు ఎదురు కాకూడదని ఇది రాస్తున్నాను.

బ్రిటన్‌లో ఉంటూ కిట్ కారు కట్టుకున్నవాళ్ళకు, లేదా ఎవరో కట్టినది సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకు ఇది పనికొస్తుంది. కోవెంట్రీ, క్రాన్‌ఫీల్డ్ వైపు ఆటోమొబైల్ చదువులకు వచ్చి, ఉద్యోగంలో స్థిరపడ్డాక "నేనూ ఒకటి కడతాను" అనుకునే తెలుగు పిల్లలు ఇప్పుడు ఉన్నారు. వాళ్ళ కోసం కొంచెం వివరంగానే చెబుతాను.

కిట్ కారు అంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఛాసిస్, బాడీ ప్యానెళ్ళు, కొన్ని భాగాలు ఒక కంపెనీ నుంచి పెట్టెల్లో వస్తాయి. ఇంజను, గేర్‌బాక్సు, యాక్సిళ్ళు, స్టీరింగ్ ఒక పాత కారు నుంచి తీసి ఇంటి గ్యారేజీలో బిగించుకుంటాం. ఆ పాత కారును ఇక్కడ డోనర్ అంటారు. ఒకప్పుడు ఫోర్డ్ ఎస్కార్ట్, ఫోర్డ్ సియెర్రా డోనర్లుగా ఉండేవి, ఇప్పుడు చాలామంది మజ్దా ఎంఎక్స్-5 వాడుతున్నారు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది. అప్పట్లో పూర్తిగా తయారైన కారు మీద పడే పర్చేజ్ టాక్స్, విడిభాగాల కిట్టు మీద పడేది కాదు. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్‌కు వెళ్ళాయి. అదే ఏడు పర్చేజ్ టాక్స్ పోయి వ్యాట్ వచ్చింది. పన్ను లాభం పోయినా, కట్టుకునేవాళ్ళు మాత్రం ఆగలేదు.

మన దేశంలో ఇది ఊహించడం కూడా కష్టం. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చిన వాహనాన్ని రిజిస్టర్ చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ఆధారంగా చెప్పింది. బ్రిటన్‌లో మామూలు మనిషి తన గ్యారేజీలోనే తయారీదారు కావచ్చు. అది ఎంత పెద్ద స్వేచ్ఛో, అంత పెద్ద బాధ్యత. కంపెనీ కారుకైతే టెస్టర్ దగ్గర కంప్యూటర్‌లో వివరాలు ఉంటాయి, డీలర్ ఉంటాడు, సర్వీస్ పుస్తకం ఉంటుంది. మన కారు గురించి తెలిసినవాడు ప్రపంచంలో ఒక్కడే, దాన్ని బిగించినవాడు. ఎంవోటీకి సిద్ధం కావడమంటే ఆ తెలిసినదంతా ఒక ఫైల్లోకి, ఒక సాయంత్రం చేసే తనిఖీలోకి తేవడం.

ముందు ఐవీఏ, ఎంవోటీ తేడా తెలుసుకోండి

ఈ రెండింటినీ కలిపేసుకుని ఇబ్బంది పడేవాళ్ళను చాలామందిని చూశాను. కిట్ కారు మొదటిసారి రోడ్డెక్కే ముందు ఐవీఏ అనే పరీక్ష పాసవ్వాలి. 2009లో ఇది పాత ఎస్‌వీఏ పరీక్ష స్థానంలో వచ్చింది. కారు నిర్మాణం సరిగ్గా ఉందా లేదా అన్నది అక్కడ చూస్తారు. అంచులు ఎంత గుండ్రంగా ఉన్నాయి, సీట్ బెల్టులు ఎక్కడ బిగించారు, అద్దాల్లో ఎంత మేర కనిపిస్తోంది అన్నవి కొలతలు వేసి చూస్తారు. అది ఒక్కసారే. ఆ సర్టిఫికెట్‌తో, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకు దరఖాస్తు చేస్తే నంబరు వస్తుంది. భాగాల వయసు, గుర్తింపు తేలకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు.

ఎంవోటీ ఏటా జరిగేది. ఆ రోజు కారు పరిస్థితి ఏమిటన్నదే అక్కడ చూస్తారు. అరుగుదల, తుప్పు, లీకేజీ, లూజు భాగాలు, వెలగని లైట్లు. 1960లో మొదలైనప్పుడు పదేళ్ళు దాటిన కార్లకే ఉండేది, ఇప్పుడు మూడేళ్ళ దగ్గర్నుంచి మొదలవుతుంది. ఉత్తర ఐర్లండ్‌లో నాలుగేళ్ళు, పరీక్ష కూడా అక్కడి ప్రభుత్వ కేంద్రాల్లోనే. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్ సంగతి.

చాలామంది ఐవీఏ కోసం తగిలించిన రబ్బరు అంచులు, పెద్ద అద్దాలు, అదనపు లైట్లు పాసైన మర్నాడే పీకేస్తారు. అందం కోసమని అంటారు. రబ్బరు అంచుల సంగతి ఎంవోటీలో పెద్దగా అడగకపోవచ్చు. అద్దాలు, లైట్లు మాత్రం అడుగుతారు. అవి పీకేసి ఉంటే ముందు తిరిగి బిగించండి. నన్నడిగితే, అవి అసలు పీకకూడదు. ఆ నిబంధనలు రోడ్డు మీద నడిచే ఎదుటి మనిషి కోసం పెట్టినవి.

తేదీ చూసుకోండి, కాగితాలు ఒకచోట పెట్టండి

మీ కారుకు ఎంవోటీ ఎప్పుడు కావాలన్నది అంచనా వేయకండి. కిట్ కార్లలో నంబరు ప్లేటు వయసు, భాగాల వయసు, రిజిస్ట్రేషన్ తేదీ మూడూ మూడు రకాలుగా ఉండొచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే గడువు తేదీ కనిపిస్తుంది. పాత ఎంవోటీల చరిత్ర కూడా అక్కడే ఉంటుంది, ఉచితం. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు ఈ చరిత్రను తప్పకుండా చదవండి. ఏటా ఒకే భాగం గురించి హెచ్చరిక వస్తుంటే, పాత యజమాని దాన్ని వాయిదా వేస్తూ వచ్చాడని అర్థం.

"నా కారు నలభై ఏళ్ళు దాటింది, ఎంవోటీ అక్కర్లేదు కదా" అని కొందరు అడుగుతారు. 40 ఏళ్ళు దాటిన వాహనాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే అది పెద్ద మార్పులు జరగని వాహనాలకు. రకరకాల కార్ల భాగాలతో కట్టిన కిట్ కార్లను, క్యూ ప్లేటు వాహనాలను సాధారణంగా మార్పు జరిగినవాటిగానే లెక్కిస్తారు. కాబట్టి మీకు పరీక్ష ఉన్నట్టే అనుకోండి.

గడువుకు ఒక్క రోజు తక్కువ నెల ముందు వరకు పరీక్ష చేయించుకోవచ్చు. వచ్చే ఏడాది గడువు అదే తేదీకి ఉంటుంది, నష్టం లేదు. ఆ నెల రోజులు మీకు బంగారం లాంటివి. కంపెనీ కారైతే ఫెయిలైన సాయంత్రమే పార్టు దొరుకుతుంది. మన కార్లో ఒక బుష్ ఏ మోడల్‌దో కనుక్కుని తెప్పించేసరికి రెండు వారాలు పడుతుంది. చలికాలమంతా కారును షెడ్డులో పెట్టి ఎస్‌వోఆర్‌ఎన్ (కారు రోడ్డు మీద తిరగడం లేదని రాసిచ్చే ప్రకటన) ఇచ్చినవాళ్ళు ముందే బుక్ చేసుకున్న పరీక్షకు నేరుగా నడుపుకుని వెళ్ళవచ్చు, ఇన్సూరెన్స్ మాత్రం ఉండాలి. ఎంవోటీ లేకుండా రోడ్డు మీద తిరుగుతూ దొరికితే 1,000 పౌండ్ల దాకా జరిమానా.

ఫైల్లో పెట్టాల్సినవి ఇవి: వీ5సీ రిజిస్ట్రేషన్ పత్రం, ఐవీఏ సర్టిఫికెట్, ఇంజను ఏ సంవత్సరానిదో చెప్పే కాగితం, డోనర్ కారు వివరాలు, ఏ భాగం ఏ మోడల్ నుంచి తీశారో రాసుకున్న పట్టిక, జాక్ ఎక్కడ పెట్టాలో చూపించే బొమ్మ. ఆ బొమ్మను నేను పెన్నుతోనే గీశాను. టెస్టర్ అన్నిటికంటే ఎక్కువ సంతోషించింది దాన్ని చూసే.

గ్యారేజీకి ముందే ఫోన్ చేసి మాట్లాడండి

మూడు త్రిభుజాల నీలం బోర్డు ఉన్న ఏ గ్యారేజీ అయినా ఎంవోటీ చేయవచ్చు. కార్లకు ఫీజు గరిష్ఠంగా 54.85 పౌండ్లు, చాలాచోట్ల అంతకంటే తక్కువకే చేస్తారు. ఐదు పౌండ్లు మిగులుతాయని తెలియని చోటికి వెళ్ళకండి. పాత కార్లు, ట్రాక్ కార్లు చూసే అలవాటున్న టెస్టర్‌ని వెతకండి. మీ ఊళ్ళో కిట్ కార్లు నడిపేవాళ్ళను అడిగితే రెండు మూడు పేర్లు చెబుతారు.

ఫోన్లో నాలుగు సంగతులు చెప్పండి. కారు నేలకు ఎంత ఎత్తులో ఉంది, బ్రేక్ రోలర్ల మీదికి, ర్యాంపు మీదికి ఎక్కేటప్పుడు అడుగు తగులుతుందా. బోనెట్ ఎలా తెరుచుకుంటుంది. స్టార్ట్ చేయడానికి ప్రత్యేకమైన కటాఫ్ స్విచ్ ఏదైనా ఉందా. పెడల్స్ దగ్గర ఎంత ఇరుకు. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. లోటస్ సెవెన్ ఆకారం కార్లలో పెడల్స్ మధ్య చోటు చాలా తక్కువ. మందపాటి సేఫ్టీ బూట్లు వేసుకున్న టెస్టర్ బ్రేక్ నొక్కితే పక్కన యాక్సిలరేటర్ కూడా నొక్కుకుపోతుంది. మా టెస్టర్‌కి ముందే చెప్పాను, పల్చటి షూస్ తెచ్చుకున్నారు.

నెల ముందు: కారు కింద పడుకోండి

మొదట స్టాండ్లు. జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరకండి, అది ఎంత తేలికైన కారైనా సరే.

కిట్ కారు ఏడాదికి తిరిగేది ఎనిమిది వందల మైళ్ళో, వెయ్యో. అరుగుదల కంటే దీనికి కదలకుండా నిలబడటం వల్ల, అదురు వల్ల వచ్చే జబ్బులే ఎక్కువ. సీళ్ళు ఎండిపోతాయి, కేబుళ్ళు పట్టేస్తాయి, నట్లు వదులవుతాయి. అందుకే స్పానర్ పట్టుకుని ముందు నుంచి వెనక్కి ప్రతి నట్టూ తాకి చూడండి. కంటితో చూడటం చాలదు. బిగించే రోజున ప్రతి నట్టు మీదా పెయింట్ గీత గీసి ఉంటే పని తేలిక. గీత రెండు ముక్కలైతే నట్టు తిరిగిందన్నమాట. గీతలు లేకపోతే ఈసారి టార్క్ రెంచ్‌తో బిగించి గీయండి.

తర్వాత సస్పెన్షన్. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత అటూ ఇటూ పట్టుకుని ఊపండి. పైనా కిందా ఊపినప్పుడు ఆట, అంటే వదులు, ఉంటే బేరింగో, బాల్ జాయింటో చూడండి. అటూ ఇటూ ఊపినప్పుడే ఆట ఉంటే స్టీరింగ్ రాడ్ చివరల మీద అనుమానం పెట్టుకోండి. రబ్బరు బుష్‌లకు బదులు రోజ్ జాయింట్లు (లోహపు గోళాల కీళ్ళు) వాడినవాళ్ళు ఇక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వాటికి రబ్బరు తొడుగు లేకపోతే వాన నీళ్ళు, దుమ్ము నేరుగా లోపలికి పోతాయి, ఒక్క చలికాలంలోనే ఆట వచ్చేస్తుంది. గ్యారేజీలో కదిలే ప్లేట్ల మీద చక్రం పెట్టి కుదిపితే అది దాగదు.

స్టీరింగ్ కాలమ్ యూనివర్సల్ జాయింట్ల క్లాంప్ బోల్టులు, ర్యాక్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే క్లాంపులు మీ చేత్తో చూడండి. ఇంకొకర్ని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని మీరు ర్యాక్ మీద చెయ్యి వేసి ఉంచండి. ర్యాక్ కదిలితే వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు చక్రాలను ఒక కొస దాకా తిప్పి ఉంచి బ్రేక్ హోసులు చూడండి. రెండో కొసకు తిప్పి మళ్ళీ చూడండి. కిట్ కార్లలో హోసు దారి మనం ఊహించి వేసినదే, కంపెనీలో వెయ్యిసార్లు పరీక్షించి వేసినది కాదు. నిలబడి ఉన్నప్పుడు అంగుళం దూరంలో ఉన్న హోసు, పూర్తిగా తిప్పినప్పుడు టైరుకు రాసుకుంటుంది. స్టీల్ అల్లిక ఉన్న హోసైతే అది రాసుకున్న ఛాసిస్ పైపునే కోసేస్తుంది. పెట్రోల్ పైపులూ చూడండి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి మామూలు పెట్రోల్ ఈ10, పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత డోనర్ నుంచి తెచ్చిన రబ్బరు పైపులు దానికి మెత్తబడతాయి, పగుళ్ళిస్తాయి. వేలితో వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. ఏమాత్రం అనుమానం ఉన్నా మార్చేయండి. ఇంజను వేడి పక్కనే పెట్రోల్ చుక్క పడటం కన్నా భయంకరమైనది ఈ కార్లలో ఇంకొకటి లేదు.

తుప్పు విషయంలో ఒక కొలత గుర్తుంచుకోండి. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీట్ బెల్టులు బిగించిన చోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపు ఛాసిస్ బలహీనపడితే ఫెయిల్. పౌడర్ కోటింగ్ వేసిన ఛాసిస్‌లలో పైపొర బాగానే కనిపిస్తూ లోపల తుప్పు పాకుతుంది. కోటింగ్ ఉబ్బిన చోట గోటితో నొక్కండి, ఊడితే అక్కడ గీకి శుభ్రం చేసి చూడండి.

బ్రేకులు: నేను ఫెయిలైన చోటు

మొదటి ఎంవోటీలో నా కారు హ్యాండ్‌బ్రేక్ దగ్గర ఫెయిలైంది. ఇంటి ముందు చిన్న వాలులో కారు ఆగేది, అది చాలనుకున్నాను. రోలర్ల మీద పెడితే ఎడమ వెనక చక్రం దాదాపు ఏమీ పట్టలేదు. ఎంఎక్స్-5 వెనక క్యాలిపర్లలో హ్యాండ్‌బ్రేక్ లివర్ పట్టేయడం తెలిసిన జబ్బే. సియెర్రా వెనక డిస్కులు పెట్టినవాళ్ళకూ ఇదే బాధ. చలికాలం నాలుగు నెలలు హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేశాను, తప్పు నాదే.

కాబట్టి ఇలా చేయండి. వెనక చక్రాలు రెండూ లేపి, హ్యాండ్‌బ్రేక్ ఒక్కొక్క క్లిక్ లాగుతూ చేత్తో చక్రం తిప్పి చూడండి. రెండు వైపులా ఒకే క్లిక్ దగ్గర పట్టుకోవాలి. వదిలినప్పుడు రెండూ పూర్తిగా వదలాలి. ఒకటి ఆలస్యమైతే కేబుల్ ఊడదీసి క్యాలిపర్ మీది లివర్‌ను చేత్తో ఆడించండి. గట్టిగా ఉంటే జబ్బు క్యాలిపర్‌ది, తేలిగ్గా ఆడితే కేబుల్‌ది. ఇది తేల్చకుండా కేబుల్ బిగించుకుంటూ పోతే సమస్య ఇంకా ముదురుతుంది.

లెక్కలు ఇవి. 2010 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి వాడకంలోకి వచ్చిన కార్లకు ఫుట్ బ్రేక్ సామర్థ్యం (కారు బరువుతో పోలిస్తే బ్రేక్ పట్టే బలం) 58 శాతం ఉండాలి, అంతకు ముందువాటికి 50. రెండు సర్క్యూట్ల బ్రేకులున్న కారుకు హ్యాండ్‌బ్రేక్ 16 శాతం చాలు. ఒకే యాక్సిల్ మీద కుడి ఎడమల తేడా 30 శాతం దాటకూడదు. తేలికైన కార్లలో రోలర్ల మీద చక్రం చటుక్కున లాక్ అయిపోతుంది. సగం కంటే ఎక్కువ చక్రాలు లాక్ అయితే సామర్థ్యం ఉన్నట్టే లెక్కిస్తారు, కంగారు పడకండి. పరీక్షకు వారం ముందు ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, ఐదారుసార్లు గట్టిగా బ్రేక్ వేయండి. డిస్కుల మీది తుప్పు పోతుంది.

లైట్లు: మీ గోడే మీ పరికరం

ఇద్దరు కావాలి. ఒకరు స్విచ్చులు వేస్తుంటే ఇంకొకరు చుట్టూ తిరిగి చూడాలి, మా ఆటోనగర్ పద్ధతి. పార్కింగ్ లైట్లు, డిప్, హై, బ్రేక్ లైట్లు, నంబర్ ప్లేట్ లైటు, నాలుగు ఇండికేటర్లు, పక్క ఇండికేటర్లు, హజార్డ్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలి. ఎల్ఈడీ బల్బులు పెట్టి ఫ్లాషర్ మార్చకపోతే అది తొందరతొందరగా కొట్టుకుంటుంది. 1980 ఏప్రిల్ 1 తర్వాతి వాహనాలకు వెనక ఫాగ్ లైటు తప్పనిసరి, మధ్యలోనో కుడి వైపో ఉండాలి, వెలిగిందని లోపల చెప్పే చిన్న లైటు కూడా పనిచేయాలి. 2009 సెప్టెంబరు 1 తర్వాతి వాటికి రివర్స్ లైటు కూడా చూస్తారు. ఏ లైటైనా వెలగకపోతే ముందు దాని ఎర్త్ వైరు చూడండి. ఫైబర్ గ్లాస్ బాడీకి కరెంటు పారదు. ప్రతి లైటుకూ విడిగా ఎర్త్ వైరు వేస్తాం, ఆ స్క్రూల కింద తుప్పు పడుతుంది.

హాలోజన్ హెడ్‌లైట్లలో ఎల్ఈడీ బల్బులు పెట్టకండి. 1986 ఏప్రిల్ తర్వాతి కార్లలో అలా మారిస్తే ఫెయిల్ చేస్తారు. ఎదుటివాడి కళ్ళల్లో పడే వెలుతురు అది, ఫెయిల్ చేయడమే న్యాయం.

హెడ్‌లైట్ గురి ఇంట్లోనే సరిచేయవచ్చు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టండి, డ్రైవర్ సీట్లో ఒకర్ని కూర్చోబెట్టండి, ఎందుకంటే ఇంత తేలికైన కారు ఒక మనిషి బరువుకే వంగుతుంది. సమతలం మీద గోడకు 5 మీటర్ల దూరంలో నిలిపి, హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తును గోడ మీద టేపుతో గుర్తు పెట్టండి. లైటు మధ్యభాగం నేలకు 850 మి.మీ. లోపు ఎత్తులో ఉంటే, మన కార్లన్నీ దాదాపు అంతే, డిప్ వెలుతురు పైఅంచు ఆ గుర్తుకు 0.5 నుంచి 2 శాతం కిందుగా పడాలి. 5 మీటర్ల దూరంలో అంటే రెండున్నర నుంచి పది సెంటీమీటర్లు. ఆరు సెంటీమీటర్ల దగ్గర పెడితే రెండు వైపులా చోటు ఉంటుంది. వెలుతురు పైకి లేచే మలుపు ఎడమ వైపుకు ఉండాలి. యూరప్ నుంచి తెప్పించిన లైట్లైతే అది కుడి వైపుకు ఉంటుంది, అవి ఇక్కడ పనికిరావు.

సస్పెన్షన్ ఎత్తు మార్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ చేయాలి.

పొగ పరీక్ష: ఇంజను వయసు చుట్టూ తిరిగే లెక్క

కిట్ కార్ల దగ్గర టెస్టర్‌కీ యజమానికీ ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. కారు కొత్త నంబరుతో ఉంటుంది, ఇంజను ఇరవై ఏళ్ళ నాటిది. ఏ పరిమితి వాడాలి? ఐవీఏలో మీ ఇంజను ఏ కాలం లెక్కతో పాసైందో, ఇంజను వయసును దేనితో నిరూపించారో ఆ కాగితాలు చేతిలో పెట్టుకోండి. కిట్ కార్ల గురించి ఎంవోటీ మాన్యువల్‌లో విడిగా రాసి ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవవచ్చు. ఆ భాగం ముందే చదివి వెళ్ళండి. గొంతు పెంచే పని పడదు, ఇద్దరూ కలిసి పేజీ చూసుకోవచ్చు.

అంకెలు ఇలా ఉంటాయి. 1975 ఆగస్టు నుంచి 1986 జూలై దాకా లెక్కలోకి వచ్చేవాటికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 1,200 పీపీఎం దాటకూడదు. ఆ తర్వాత, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు రాకముందు వాటికి 3.5 శాతం, 1,200. క్యాటలిటిక్ కాలానికి వస్తే గట్టి లెక్క. 2002 జూలై తర్వాతి పెట్రోల్ కార్లకు సాధారణంగా, ఇంజను స్పీడు పెంచినప్పుడు మోనాక్సైడ్ 0.2 శాతం, హైడ్రోకార్బన్లు 200, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళు ఎంత సరిగ్గా ఉన్నాయో చెప్పే అంకె) 0.97 నుంచి 1.03 మధ్య. మామూలు ఐడిల్‌లో మోనాక్సైడ్ 0.3.

లాంబ్డా ఎక్కువ చూపిస్తే చాలామంది ఇంజను ట్యూనింగ్ మీద పడతారు. ముందు ఎగ్జాస్టు జాయింట్లు చూడండి. మనం చేయించుకున్న మానిఫోల్డ్‌లో గాస్కెట్ కొంచెం లీకైనా, పొగ తోసుకుని వెళ్ళేటప్పుడు బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. మీటర్ దాన్ని ఆక్సిజన్ ఎక్కువగా చూస్తుంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, గ్లవ్ వేసుకున్న చేత్తో గుడ్డ పట్టుకుని సైలెన్సర్ చివర ఒక్క క్షణం మూయండి. లీకున్న చోట బుస్సుమంటుంది. పక్క నుంచి వచ్చే పొట్టి సైలెన్సర్ అయితే గ్యారేజీ వాళ్ళ గొట్టం లోపలిదాకా పోతుందో లేదో చూసుకోండి.

పరీక్షకు వెళ్ళేటప్పుడు కారు బాగా వేడెక్కాలి. ఇరవై నిమిషాలైనా నడిపి నేరుగా లోపలికి వెళ్ళేలా సమయం మాట్లాడుకోండి. చల్లబడిన క్యాటలిటిక్ కన్వర్టర్ తన పని చేయదు.

మిగిలినవి, చకచకా

టైర్ల గాడి మధ్య మూడొంతుల వెడల్పులో, చుట్టూరా 1.6 మి.మీ. ఉండాలి. మన టైర్లు అరగవు, ముసలివవుతాయి. పక్క గోడ మీద పగుళ్ళు చూడండి, తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో రాసి ఉంటుంది. ముందు వెనక సైజులు వేరుగా ఉండొచ్చు, ఒకే యాక్సిల్ మీద మాత్రం ఒకటే ఉండాలి.

ముందు అద్దం (విండ్‌స్క్రీన్) ఉంటే వైపర్లు, వాషర్ పనిచేయాలి. అద్దంలోంచి చూడకుండా పైనుంచే రోడ్డు బాగా కనిపించేంత చిన్న గాలి తెర అయితే వైపర్ అడగరు. డ్రైవర్ ఎదురుగా 290 మి.మీ. వెడల్పు పట్టీలో 10 మి.మీ. దాటిన పగులు ఉండకూడదు. వెనక చూసే అద్దాలు రెండు, వాటిలో ఒకటి కుడివైపు బయటది. సీట్ బెల్టు అయినా, నాలుగు పట్టీల హార్నెస్ అయినా కుట్లు చిరగకూడదు, బకిల్ ఒక్క నొక్కుకు వదలాలి. హారన్ ఒకే స్వరంతో మోగాలి. బ్యాటరీని చేత్తో లాగితే కదలకూడదు. నంబరు ప్లేటు మీద అక్షరాల మధ్య దూరం మార్చి పేరులా కనిపించేలా చేయించినవాళ్ళు మామూలుది పెట్టండి. ఛాసిస్ మీది వీఐఎన్ నంబరును తుడిచి, వీ5సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి.

డోనర్ మీటర్లే వాడినవాళ్ళు తాళం తిప్పి ఏ హెచ్చరిక లైట్లు వెలుగుతూ ఉండిపోయాయో చూడండి. లేని ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంటే టెస్టర్ అడుగుతారు. అది ఐవీఏ నాటికే పరిష్కరించుకోవాల్సింది.

మడ్‌గార్డులను గట్టిగా పట్టి ఊపండి. సైకిల్ తరహా మడ్‌గార్డుల స్టాండ్లు అదురుకు వెల్డింగ్ దగ్గర చీలుతాయి. రోడ్డు మీద ఊడితే అది చక్రం కిందికే పోతుంది.

పరీక్ష రోజు

కారు కడగండి, అడుగు భాగం కూడా. మట్టి పేరుకుంటే టెస్టర్‌కి ఏమీ కనిపించదు. లోపల ఉన్న సామాను తీసేయండి, రూఫ్ తీసి పెడితే ఆయన దిగి ఎక్కడం తేలిక. ఫైలు ఇచ్చి, జాక్ బొమ్మ చూపించి, స్టార్ట్ చేసే పద్ధతి ఒక్కసారి చేసి చూపించండి. ఆ తర్వాత పక్కకు జరగండి. చూసే చోటు నుంచి పరీక్ష మొత్తం చూడవచ్చు, మధ్యలో అడ్డుపడకూడదు. అడిగితే సమాధానం చెప్పండి. మన కారు మీద మనకున్న ప్రేమ ఆ సమయంలో మాట ఎక్కువయ్యేలా చేస్తుంది, నాకు తెలుసు.

ఫలితం చేతికి వచ్చాక

2018 మే 20 నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీస్తున్నారు. మొదటి రెండూ ఫెయిల్. మైనర్ లోపం ఉన్నా, అడ్వైజరీ (దీని మీద కన్నేసి ఉంచమనే హెచ్చరిక) ఉన్నా పాసే. డేంజరస్ అని రాస్తే కారును అక్కడి నుంచి నడపకండి, పాత ఎంవోటీ గడువు మిగిలి ఉన్నా సరే. ట్రైలర్ తెప్పించండి.

కారును అక్కడే వదిలి బాగు చేయిస్తే మళ్ళీ పరీక్ష తేలిక. ఇంటికి తీసుకెళ్ళి మీరే చేసుకుంటే పది పనిదినాల్లోపు తెస్తే పాక్షిక పరీక్ష సరిపోతుంది. నా హ్యాండ్‌బ్రేక్‌కి నాకు ఆరు రోజులు పట్టింది. రెండు క్యాలిపర్లూ విప్పి, శుభ్రం చేసి, కొత్త సీళ్ళు వేశాను. మళ్ళీ వెళ్తే రోలర్ల మీద రెండు వైపులా దాదాపు ఒకే అంకె వచ్చింది.

ఇంటికి వచ్చిన రోజే అడ్వైజరీలన్నీ నోట్ బుక్‌లో తేదీతో, మైళ్ళతో రాయండి. ప్రతి దాని పక్కన ఏ భాగం కావాలో, అది ఏ డోనర్ మోడల్‌దో రాసి, ఆర్డర్ పెట్టేయండి. చలికాలం కారును షెడ్డులో పెట్టేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి.